కానివి ముందు రాయమన్న మనిషి

మా రిపోర్టు మేడం పోయిందని ఖాదర్ ఫోన్ చేసినప్పుడు నేను నారాయణఖేడ్ మార్కెట్లో నా పెసర్ల సంచి మీద కూర్చుని ఉన్నాను. కాంటా దగ్గర నా వంతు ఇంకా రాలేదు. "కాకా, మేడం లేదు. పొద్దుగాల దవాఖానల పోయిందట" అన్నాడు. ఏ మేడం అని అడిగాను. మా సంఘానికి మేడం అంటే ఒక్కతే. తెలిసే అడిగాను. ఇంకెవరి పేరైనా చెప్తాడేమోనని చూశాను. చెప్పలేదు. సంచి పక్కవానికి అప్పజెప్పి, బస్ డిపో వెనక ఆమె అద్దెకుండే ఇంటికి నడిచిపోయాను. ఎక్కడికి పోయినా చంకలో పెట్టుకుపోయే ఆమె మడత స్టూలు గేటు పక్కన గోడకు ఆనించి ఉంది. దాన్ని చూసినంక గేటు దగ్గరే నిలబడిపోయాను.

చదివేవాళ్లకు ఒక మాట. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ముందు ఆమె మంచితనం రాస్తారు. నేను ముందు నా తప్పు రాస్తున్నాను. ఎందుకో చివర చెప్తాను.

ఆమె పోయిన వారానికి మా సంఘం రేకుల షెడ్డులో సంతాప సభ పెట్టుకున్నాం. మనూర్ దిక్కు నుంచి, బోరంచ దిక్కు నుంచి జనం ఆటోల్లో వచ్చారు. మేడం వాళ్ల అక్క ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. సంఘానికి అధ్యక్షుణ్ణి గనక మొదటి మాట నాది. నిలబడి, మా మండలంలో మేడం అడుగు పెట్టని ఊరు లేదు, చాయ్ తాగని గడప లేదు అన్నాను. మాట బాగా వచ్చిందని నాకే అనిపించింది. ఇంకొంచెం గొంతు పెంచాను.

వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది. వాగు అవతలి గూడెం మొగులమ్మ. నా ఈడుదే, నన్ను అన్నా అంటుంది.

"అన్నా, గా మాట తప్పు. మా గూడెంల మేడం అడుగు పెట్టలే" అంది.

జనమంతా తిరిగి ఆమె దిక్కు చూశారు. మేడం అక్క కూడా చూసింది. నాకు ఒళ్లు మండింది. నలుగురిలో మాట అడ్డుకుంటే పడే మనిషిని కాదు నేను.

"సావు కాడ గిదేం పంచాయితీ మొగులమ్మా? కూసో" అన్నాను.

ఆమె ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచింది. నేను ఆమె దిక్కు చూడకుండా నా మాట అందుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. తర్వాత మౌనం పాటించాం, చాయ్ తాగాం, ఎవరి ఆటో వాళ్లు ఎక్కారు.

తిరిగి వచ్చేటప్పుడు ఖాదర్ బండి మీద వెనక కూర్చున్నాను. ఖాదర్ మా సంఘం సెక్రెటరీ, నెమ్మదైన మనిషి. మా ఊరి మలుపు దగ్గర, ముందుకు చూస్తూనే, "కాకా, మేడం ఉంటే కూసోమనేది మొగులమ్మను గాదు, నిన్ను" అన్నాడు. బండి ఆపమని దిగి, మిగిలిన దూరం నడిచాను. ఇల్లు చేరేసరికి కోపం పోయింది. సిగ్గు మిగిలింది. అది ఇంకా పోలేదు.

ఖాదర్ ఎందుకు అట్లా అన్నాడో తెలియాలంటే మేడం మాకు ఏం చేసిందో తెలియాలి.

మాది పెద్ద సంఘం కాదు. వాన మీద బతికే ఊళ్లు మావి. పట్నంలో ఒక ట్రస్టు సాయం చేస్తే కుంటలు తవ్వుకుంటాం, విత్తనాలు దాచుకుంటాం. చేసింది రాసి పంపాలి, అది రిపోర్టు. చేయబోయేది రాసి పంపాలి, అది ప్లాను. మేడం రాకముందు మా రిపోర్టులు పెండ్లి పత్రికల్లాగా ఉండేవి. అంతా శుభమే. ఖాదర్ రాసేవాడు, వాడు వేలు పెట్టిన చోట నేను దస్కతు చేసేవాణ్ణి. ఒకసారి ట్రస్టు వాళ్లు రిపోర్టు వెనక్కి పంపారు. కుంటలు తవ్వామని రాశారు గాని తవ్వినంక ఏమైందో రాయలేదన్నారు. తవ్వినంక ఏమవుతుంది, వాన పడితే నిండుతుంది, అది కూడా రాయాల్నా అని నేను ఎగిరాను. ఖాదర్ పరేషాన్ అయి, నారాయణఖేడ్‌లో ఇటువంటి రాతలు తెలిసిన మనిషి ఉందని విని ఆమెను పిలుచుకొచ్చాడు.

ఆమె ఆటో దిగడమే ఎండను తిట్టుకుంటూ దిగింది. చంకలో మడత స్టూలు. కింద కూర్చుంటే మోకాళ్లు మళ్లీ లేవనియ్యవట. కుక్క కనబడితే ఆ స్టూలే అడ్డం పెట్టుకునేది. మెత్తని మనిషి అని చెప్తే అబద్ధమవుతుంది. చాయ్ చల్లారితే ముఖం మీదే చెప్పేది. కొంగు ముడిలో సోంపు గింజలు ఉండేవి, ఎవరన్నా మాట నానుస్తుంటే ఆ సోంపు నములుతూ వాళ్ల ముఖంలోకే చూసేది.

మొదటిరోజే పాత రిపోర్టు తీసి, మహిళలు కుట్టుమిషన్లను విజయవంతంగా వినియోగించుకుంటున్నారని ఉన్న చోట ఆగింది. మిషన్లు చూపించమంది. చూపించక తప్పలేదు. వాటి మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను తల తిప్పుకున్నాను. ఆమె ఒక కాయ విరిచి వాసన చూసి, "మంచిగ ఎండినయి. విజయవంతంగనే వాడుతున్నరు" అంది. ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత కుట్టుమిషన్లు ఎందుకు అడిగారని ఆడవాళ్లనే అడిగింది. వాళ్లు ఇచ్చేవి అవే గదా అన్నారు. మా దిక్కు అంతే. మేకలు ఇచ్చేవాళ్లు వస్తే మేకలు అడుగుతాం, మిషన్లు ఇచ్చేవాళ్లు వస్తే మిషన్లు అడుగుతాం. అది ఆశ అని బయటివాళ్లు అనుకుంటారు. అది మర్యాద. వాకిట్లోకి వచ్చిన మనిషిని అతని దగ్గర లేనిది అడిగితే అతను చిన్నబోతాడు. అతన్ని చిన్నబుచ్చకుండా, అతని చేతిలో ఉన్నదే అడిగి సంతోషపెట్టి పంపిస్తాం. అట్లా ఎన్ని ఏండ్లు, ఎందరిని సంతోషపెట్టామో. మా ప్లానులన్నీ ఆ మర్యాదతోనే చెడిపోయాయని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆమె చేతిలోని కాయితాలు మడిచి స్టూలు కింద పెట్టింది. రెండు చేతులూ చాపి అందరికీ చూపించింది. "నా చేతుల ఏం లేదు. ఇచ్చేటోళ్లు ఎవ్వరు లేరనుకోండ్రి. ఇగ చెప్పుండ్రి, మీకు దేనికి తిప్పలైతుంది?"

ఏమీ లేని మనిషిని ఏం అడగాలో మాకు తెలియలేదు. చివరికి ఒక ఆడమనిషి, ఎండాకాలంలో పశువులకు మేత లేక సగం ధరకు అమ్ముకుంటున్నామని చెప్పింది. ఇంకొకామె అందుకుంది. పొద్దు వాలేదాకా చెప్తూనే ఉన్నారు. నేను అదే ఊరివాణ్ణి, అధ్యక్షుణ్ణి. అందులో సగం నాకు కొత్త. అప్పటినుంచి ఏ ఊళ్లో ప్లాను రాయాలన్నా ఆమె ముందు చేతులు చాపి చూపించేది. పిల్లలు కూడా ఆమె ఆటో దిగగానే చేతులు చాపి ఎదురు వచ్చేవాళ్లు.

రిపోర్టుకు ఇంకో పద్ధతి పెట్టింది. ఏ ఊరి గురించి రాశామో ఆ ఊళ్లో అందరి ముందూ చదవాలి. ఎవరైనా లేచి కాదు అంటే, ఆ మనిషి సరే అనేదాకా ఆ కాయితం ఊరు దాటొద్దు. ఇంకొకటి, చేస్తామని చెయ్యలేనివి మొదట రాయాలి. "అయిన పని ఎవ్వరైన చెప్తరు. కానిది ముందుగాల చెప్పుండ్రి, అప్పుడు అయినదాన్ని నమ్ముతరు" అనేది. ట్రస్టు వాళ్లు కోప్పడి సాయం ఆపేస్తే ఏం గతి అని నేను కొట్లాడాను. ఆపితే ఆపనియ్యి, రిపోర్టు పోయేది వాళ్ల దగ్గరికే గాని అది ఊరిది అంది. సాయం ఆగలేదు. ఆగి ఉంటే మళ్లీ ఆమెతో కొట్లాడేవాణ్ణి, అది కూడా నిజమే.

చదవడం ఖాదర్ పని అనుకున్నాను. ఆమె నా చేతిలో పెట్టింది. "నువ్వు సదువు. దస్కతు నీది గద."

నా చదువు ఎంతనో ఊరికి తెలుసు. చిన్నప్పుడు చర్చి మిషన్ వాళ్ల ఆదివారం బడిలో పెద్ద అక్షరాలు నేర్చుకున్నాను, అంతే. చర్చిలో పాఠం చదవమంటే ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. అటువంటివాణ్ణి సంఘం ముందు నిలబెట్టి రిపోర్టు చదివించింది. ఒక మాట దగ్గర చిక్కుకున్నాను. ఆమెకు తెలిసిన మాటే, అందియ్యొచ్చు. అందియ్యలేదు. సోంపు నములుతూ చూసింది. నేను ఆ మాటతో తిప్పలు పడుతుండగానే ఒక రైతు లేచి, ఆ కుంట కట్ట తెగి రెండు వానలైంది, నిండింది అని ఎట్లా రాశారన్నాడు. ఆ కుంట నేను నిలబడి తవ్వించింది. అతన్ని కసిరాను. మేడం కలం తీసి, కట్ట తెగిందని మొదట్లో రాసి, కాయితం మళ్లీ నాకే ఇచ్చింది, అదే చదవమని.

అంతా అయిపోయినంక, నా పరువు తీశావన్నాను ఆమెతో. ఖాదర్ చదివితే నీళ్లలా పోయేది గదా అన్నాను.

"నీళ్ల లెక్కనే పోతది. ఎవ్వనికి ఏం పట్టదు" అంది. "నువ్వు ఆగి ఆగి సదువుతవ్. గా ఆగినప్పుడే జనం సోచాయిస్తరు, గిది నిజమేనా అని. గాయన లేసి కాదన్నడంటే నువ్వు ఆగవట్టే."

నా ఆగడానికి అట్లా విలువ కట్టినవాళ్లు లేరు. ఆనాటినుంచి ఎవరు అడిగినా నేనే చదివాను. ఎవరు కాదన్నా కాయితం పక్కన పెట్టి విన్నాను. కోపం వచ్చినా విన్నాను. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. అన్ని ఏండ్లు విన్నవాణ్ణి, ఆమె సంతాప సభలో ఒక్కసారి వినలేకపోయాను, అదీ నా సిగ్గు.

ఇంకా ఉంది. చెయ్యలేనివి చదివేటప్పుడు ఆమె తనవి కూడా దాచేది కాదు. "వాగవతలి గూడెంల నేను అడుగు పెట్టలే. నా మోకాళ్లు నీళ్లల్ల దిగనియ్యలే" అని అందరి ముందూ చెప్పింది. నేను నా చెవులతో విన్నాను. ఆ వెంటనే, గూడేనికి చిన్న బ్రిడ్జి కావాలని ప్లానులో రాశాం, కాలేదు అన్న మాట ఉండేది. ట్రస్టు వాళ్లు బ్రిడ్జి తమ పని కాదన్నారు. మండలం ఆఫీసులో చూస్తామన్నారు. ప్రతి ఏడూ రిపోర్టులో అదే మొదటి మాట. ప్రతి ఏడూ నేనే చదివాను. అడుగు పెట్టని గూడెం తిప్పలు ఆమెకు ఎట్లా తెలిశాయని నాకు ఏనాడూ తోచలేదు.

సభలో నేను చెప్పింది రాసిస్తే ఈ ఏటి రిపోర్టులో ఆమె జ్ఞాపకంగా అచ్చు వేస్తామని ఖాదర్ అన్నాడు. అక్షరం అక్షరం కూడబెట్టుకుని రాయడానికి కూర్చుంటే ముందు ఆ అబద్ధమే కలం కొనకు వచ్చింది. అడుగు పెట్టని ఊరు లేదు. దాన్ని కొట్టేశాను. ఆమె మంచి, ఆమె కోపం, మిరపకాయల ముచ్చట, నా చదువు ముచ్చట రాశాను. మొగులమ్మను కూర్చోమన్నది కూడా రాశాను, చివర్లో, చిన్నగా. రాసినంక ఆమె పద్ధతి గుర్తొచ్చింది. ఎవరి గురించి రాశామో వాళ్ల ముందు చదవాలి. ఆమె లేదు. కాదు అన్న మనిషి ఉంది.

ఖాదర్ వాగు దాకా దింపి పోయాడు. వానలు వెనకబట్టినా నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. చెప్పులు చేతిలో పట్టుకుని, కాయితాలు రుమాలులో చుట్టి తలకు కట్టుకుని దాటాను. నాకే రెండుసార్లు కాలు జారింది. మొగులమ్మ ఇంటి ముందు మక్క కంకులు ఒలుస్తోంది. నన్ను చూసి రా అనలేదు, పో అనలేదు. గోనెపట్టా ఒకటి నా దిక్కు జరిపింది.

కూర్చుని చదివాను. ఆగి ఆగి చదివాను. ఆమె కంకులు ఒలుస్తూనే వింది. అయిపోయినంక గింజలు చేటలోకి తోసి, "అన్నీ మంచిగనే రాసినవ్. నేను ఆనాడు చెప్పబోయిందే లేదు" అంది.

ఏం చెప్పబోయావని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఒక వానాకాలం మేడం ప్లాను కోసం వాగు దాకా వచ్చిందట. నీళ్లలో ఒక కాలు పెట్టి చూసి, నొప్పికి అబ్బా అని వెనక్కి తీసుకుందట. ఇక పోతుంది అనుకున్నారు. పోలేదు. అటు గట్టు మీద స్టూలు వేసుకుని కూర్చుని ఈ గూడెం వాళ్లను కేకేసింది. ఆడవాళ్లంతా ఇటు గట్టుకు వచ్చి నిలబడ్డారు. మీకేం కావాలె అని ఆమె అక్కడినుంచి అరిచింది. మేకలు అని మొగులమ్మ ఇక్కడినుంచి అరిచింది, మర్యాదకు. మేడం రెండు చేతులూ పైకెత్తి చూపించింది. ఏమీ లేదు, మళ్లీ చెప్పమంది. చీకటి పడొస్తుంది, నీళ్ల చప్పుడులో సగం మాట వినబడదు. మొగులమ్మకు విసుగొచ్చింది.

"గాడ కూసోని ఏం అడుగుతవే, ఈడికి రా, చెప్త అన్న. రాలేనన్నది. ఎందుకు రాలేవన్న. గీ వాగు దాటలేనన్నది. మరి మా తిప్పలు గదేనమ్మా అన్న." మొగులమ్మ చేట పక్కన పెట్టింది. "గంతే, నోట్ల మాట నోట్లనే ఉన్నది ఆమెకు. రాసుకుంటుంటే సూసిన. కండ్లు తుడుసుకుంటుంటే గూడ సూసిన. మా గూడెంల అడుగు పెట్టలే అన్న, నిజం. అడుగు పెట్టకుండ మమ్ములను గంత ఇన్నోళ్లు ఎవ్వలు లేరు అందామనుకున్న. నువ్వు కూసోమంటివి."

ఆనాడు షెడ్డులో మేడం గురించి అందరం మాట్లాడాం. అందరికంటే పెద్ద మాట ఈమె దగ్గర ఉంది. మేడం అక్క ముందు వరసలోనే కూర్చుని ఉంది. ఆ మాట వినకుండానే ఇంటికి పోయింది. నోటి దాకా వచ్చిన మాటను నేనే వెనక్కి నెట్టాను. కాదు అనేవాళ్ల మాట చివరిదాకా వినాలని ఆమె నాకు నేర్పింది. ఆమె కోసం పెట్టిన సభలోనే మరిచిపోయాను.

తప్పైంది మొగులమ్మా అన్నాను. నా బతుకులో ఆ మాట ఎక్కువసార్లు అన్నది లేదు. ఆమె సరే అనలేదు. పొద్దు పోతుంది, నీళ్లు ఎక్కకముందే జల్దీ దాటమంది. వాగు దాకా వెంట వచ్చింది, నా కాలు జారితే చూడడానికేమో.

దాటాను. ఇటు గట్టెక్కి చెప్పులు వేసుకుంటుంటే అటునుంచి కేక వినబడింది.

"అన్నా, నన్ను కూసోమన్నది రాసినవ్ గద."

"రాసిన. సదివిన గద నీకు" అని అరిచాను.

"ముందుగాల రాసినవా?"

నీళ్ల చప్పుడుకు వినబడలేదన్నట్టు నిలబడ్డాను. వినబడింది. ఆమె మళ్లీ అడిగింది. ఆ రాత చివరి పేజీలో, చిన్నగా ఉందని ఇద్దరికీ తెలుసు.

మేడం స్టూలు వేసుకున్న గట్టు ఇదే. గడ్డి మీద కూర్చున్నాను. తలకు కట్టిన రుమాలు విప్పి, కాయితాలు మోకాలి మీద పెట్టుకుని, మొదటి పేజీలో ఎక్కడ సందు ఉందో వెతుక్కుని రాయడం మొదలుపెట్టాను. కొంచెంసేపటికి తల ఎత్తి చూస్తే, అటు గట్టు మీద మొగులమ్మ కూడా కూర్చుని ఉంది. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, నేను రాసేదాకా చూస్తోంది.